ఇంటర్ ఫస్టియర్‌లో రెండు పేపర్లు పోయాక మా ఇంట్లో జరిగింది

మా అబ్బాయికి ఇంటర్ ఫస్టియర్‌లో రెండు పేపర్లు పోయాయి. లెక్కల రెండో పేపరు, అంటే మ్యాథ్స్ 1బిలో 75కి 19, ఫిజిక్స్‌లో 60కి 14. అప్పటి లెక్క ప్రకారం పాసవ్వాలంటే 1బిలో 26, ఫిజిక్స్‌లో 21 రావాలి. టెన్త్‌లో వాడికి 561 వచ్చాయి. ఆ 561 చూసే కాలేజీవాళ్లు ఫీజులో కొంత తగ్గించారు. ఆ 561 చూసే మా చుట్టాలు వాణ్ణి అప్పుడే ఐఐటీకి పంపేశారు.

ఏప్రిల్ నుంచి ఇప్పటిదాకా జరిగింది వరసగా రాస్తున్నాను. రిజల్ట్స్ వచ్చిన రాత్రి నేను ఇలాంటిదే ఒకటి ఫోన్‌లో వెతుక్కున్నాను. దొరికినవన్నీ "పిల్లలకు ధైర్యం చెప్పండి" అనేవే. ఏమని చెప్పాలో, తెల్లారాక ఎక్కడికి వెళ్లాలో, ఎంత ఖర్చవుతుందో ఎవరూ రాయలేదు.

నేను విజయవాడ ఆటోనగర్‌లో లారీ స్పేర్ పార్టుల షాపులో కౌంటర్ చూస్తాను. ఇల్లు కానూరులో. మా ఆవిడ ఇంటి దగ్గరే బ్లౌజులు కుడుతుంది. వాడి తర్వాత ఒక చెల్లెలు, ఎనిమిదో తరగతి. మా అమ్మ కూడా మా దగ్గరే ఉంటుంది.

2025 ఏప్రిల్ 12, శనివారం. పదకొండింటికి రిజల్ట్స్ అన్నారు. ఈసారి రాష్ట్ర ప్రభుత్వం వాళ్ల మన మిత్ర వాట్సాప్‌లో కూడా ఇచ్చారు. 95523 00009కి హాయ్ అని పెట్టి హాల్ టికెట్ నంబరు కొడితే మెమో వచ్చేస్తుంది. కౌంటర్ ముందు ఒకాయన క్లచ్ ప్లేటు కోసం తొందర పెడుతున్నాడు, నా చేతిలో ఫోన్ తెరుచుకుంది. రెండు చోట్ల ఫెయిల్. నంబరు తప్పు కొట్టానేమోనని మళ్లీ కొట్టాను. అదే వచ్చింది. క్లచ్ ప్లేటుకి బదులు ప్రెషర్ ప్లేటు ఇచ్చి పంపేశానని ఆయన తిరిగొచ్చాక గానీ తెలియలేదు.

వాడు అప్పటికే సెకండియర్ క్లాసులో కూర్చుని ఉన్నాడు. ఆ ఏడాది ఏప్రిల్ 1 నుంచే సెకండియర్ మొదలుపెట్టారు. ఫస్టియర్‌లో పేపర్లు పోయినా సెకండియర్ చదవడానికి అడ్డేమీ లేదు. చాలామందికి ఈ సంగతి తెలియదు, "ఏడాది పోయింది" అని ఏడుస్తారు. ఏడాది పోదు.

వాడు కాలేజీ హాస్టల్లోనే ఉండేవాడు. క్యాంపస్‌కి ఫోన్ చేస్తే ఫ్లోర్ ఇన్‌ఛార్జ్ రౌండ్స్‌లో ఉన్నారన్నారు. ఓనరు గారికి చెప్పి బండి తీశాను. గేటు దగ్గర అవుట్‌పాస్ కావాలన్నారు. దాని మీద ముగ్గురు సంతకాలు పెట్టాలి, అందులో ఒకాయన భోజనానికి వెళ్లారు. ఆ ఎండలో గేటు బయట నాలాంటి వాళ్లు చాలామందే ఉన్నారు. ఎవరూ ఎవరి మొహమూ చూడటం లేదు. ఇలా వెళ్లేవాళ్లకు ఒక మాట: కాలేజీ ఇచ్చిన పేరెంట్ కార్డు, ఆధార్ జిరాక్స్ జేబులో పెట్టుకుని వెళ్లండి. మా ఆవిడ కార్డు ఫోటో తీసి పంపేదాకా నన్ను లోపలికి రానివ్వలేదు.

వాడికి ముందే తెలిసిపోయింది. క్లాసులో పేర్లు చదివి, పోయినవాళ్లను లేచి నిలబడమన్నారట.

బండి మీద వెనక కూర్చుని బెంజ్ సర్కిల్ దాకా ఒక్క మాట మాట్లాడలేదు. అక్కడ సిగ్నల్ పడ్డప్పుడు, "నాన్నా, ఇప్పుడే ఇంటికి వద్దు" అన్నాడు. మా వీధిలో వాడి క్లాస్‌మేట్ల ఇళ్లు రెండు ఉన్నాయి. పటమటలో చెరుకు రసం బండి దగ్గర ఆపాను. రెండు గ్లాసులు చెప్పాను. వాడు ముట్టలేదు. రెండూ నేనే తాగాను. చీకటి పడ్డాక ఇంటికి వెళ్లాం.

ఆ రాత్రి అన్నం తినలేదు. మా ఆవిడ కలిపి పెట్టబోతే పక్కకి జరిగాడు. పదిన్నరకి గోడ వైపు తిరిగి పడుకుని, "నేను లేకపోతే మీకు ఫీజులన్నా మిగిలేవి" అన్నాడు. మామూలుగానే అన్నాడు, ఏడుపేమీ లేదు. నా గుండె జారిపోయింది.

పేపర్లో ఎప్పుడో చూసిన నంబరు గుర్తొచ్చింది, 14416. టెలీ మానస్ అంటారు, మానసిక ఆరోగ్యం హెల్ప్‌లైన్, కేంద్ర ప్రభుత్వం 2022లో పెట్టింది. డబ్బులు పడవు, రాత్రీ పగలూ పనిచేస్తుంది. మేడ మీదికి వెళ్లి చేశాను. భాష అడుగుతుంది, తెలుగు నొక్కాలి. కాసేపు లైన్లో ఉంచారు. తర్వాత ఒక ఆవిడ మాట్లాడారు. పేరు చెప్పమని పట్టుబట్టలేదు. పిల్లాడి వయసెంత, తిన్నాడా, నిద్రపోతున్నాడా, సరిగ్గా ఏ మాట అన్నాడు, ఇప్పుడు పక్కన ఎవరున్నారు, ఇవన్నీ ఒక్కొక్కటిగా అడిగారు. వాడికి ఫోన్ ఇస్తానంటే, వాడు సరేనంటేనే ఇవ్వండి, బలవంతం వద్దన్నారు. వాడు వద్దన్నాడు.

ఆవిడ చెప్పిన వాటిల్లో నన్ను భయపెట్టింది ఒకటి. చనిపోవాలని అనిపిస్తోందా అని వాణ్ణి ఆ మాటతోనే సూటిగా అడగమన్నారు. అమ్మో, లేని ఆలోచన మనమే పెట్టినట్టవదా అన్నాను. అవదన్నారు. అడిగితే కొత్తగా పుట్టేదేమీ ఉండదు, లోపలున్నదే బయటికొస్తుంది అన్నారు. ఎలా చేయాలో కూడా ఆలోచించి పెట్టుకున్నానని గనక చెబితే తెల్లారేదాకా ఆగకుండా ఆస్పత్రికి తీసుకెళ్లమన్నారు. ఇంట్లో మందులన్నీ తాళం వేసి పెట్టమన్నారు, ఒంటరిగా పడుకోనివ్వద్దన్నారు. మార్కుల ఊసు కొన్నాళ్లు ఎత్తొద్దన్నారు.

నాకు నోరు రాలేదు. మా ఆవిడే అడిగింది. వాడి పక్కన కూర్చుని, వీపు మీద చెయ్యి వేసి, "చచ్చిపోవాలని అనిపిస్తోందా నాన్నా?" అంది. చాలాసేపు పలకలేదు. తర్వాత, "పొద్దున క్లాసులో అనిపించింది. ఇప్పుడు లేదు" అని ఏడ్చాడు. ఆ ఏడుపు చూశాకే మాకు ఊపిరి వచ్చింది. మా అమ్మ బీపీ, షుగరు మాత్రలు బీరువాలో పెట్టి తాళం వేశాను. అందరం హాల్లో చాపలు పరుచుకుని పడుకున్నాం. ఆ ఏర్పాటు మే నెల దాటేదాకా అలాగే సాగింది. ఏసీ హాల్లో ఒక్కటే ఉంది కాబట్టి వాడికీ అనుమానం రాలేదు.

ఆదివారం పొద్దున్నుంచీ ఫోన్లు. తెనాలి నుంచి మా అక్క, గుడివాడ నుంచి మా బావమరిది, వాడి టెన్త్ స్కూలు నుంచి కూడా. మొదటి ఫోన్‌కి మా ఆవిడ "ఇంకా చూడలేదండీ" అంది. దానివల్ల వాళ్లు సాయంత్రం మళ్లీ చేశారు. అప్పుడు ఇద్దరం ఒక మాట అనుకున్నాం. ఎవరడిగినా, "రెండు పేపర్లు పోయాయి, మే నెల్లో రాస్తాడు" అని చెప్పి ఆపేయడం. విచిత్రం, అలా చెబితే అవతలివాళ్లకు ఇంక అడగడానికి ఏమీ ఉండదు. వాడు గదిలోంచి వింటూనే ఉన్నాడు. దాచాల్సినంత తప్పేమీ చేయలేదని వాడికి మేం చెప్పిన వంద మాటల కంటే ఆ ఫోన్ మాట బాగా ఎక్కిందని తర్వాత తెలిసింది.

మా బావమరిది అంతటితో ఊరుకోక, ఫెయిలై పైకొచ్చిన గొప్పవాళ్ల వీడియోలు ఓ అరడజను పంపాడు. మా అబ్బాయి ఒకటి చూసి ఫోన్ తిరిగిచ్చేశాడు. "వీళ్లందరూ చివరికి గెలిచారు కాబట్టే వీడియో చేశారు మామయ్యా, గెలవనివాళ్ల సంగతేంటి?" అని మెసేజ్ పెట్టాడు. మా బావమరిది దగ్గర్నుంచి ఇంక వీడియోలు రాలేదు.

ఇక డబ్బులు, గడువులు. పోయిన పేపర్లు మళ్లీ రాసే సప్లిమెంటరీకి ఫీజు కట్టడానికి ఏప్రిల్ 15 నుంచి 22 దాకా ఇచ్చారు. రీకౌంటింగ్, రీవెరిఫికేషన్‌కి కూడా 22తోనే గడువు. రీకౌంటింగ్ అంటే వేసిన మార్కులు మళ్లీ కూడటం, అప్పుడు పేపరుకి 260 రూపాయలు. రీవెరిఫికేషన్‌కి పేపరుకి 1,300, దాంతో జవాబు పత్రం స్కాన్ కాపీ ఇస్తారు. అది వచ్చాక సప్లి సంగతి చూద్దాంలే అనుకుంటే కుదరదు. రెంటికీ గడువు ఒకేసారి అయిపోతుంది. కాబట్టి సప్లి ఫీజు ఎలాగూ కట్టేయాలి. బోర్డు ఫీజు థియరీకి అప్పుడు 600. మా కాలేజీ 1,500 తీసుకుంది. మిగతా 900 దేనికంటే ప్రాసెసింగ్ అన్నారు. రసీదు అడిగితే 600కే రాసిచ్చారు.

నేను 1బికి ఒక్కదానికే రీవెరిఫికేషన్ పెట్టాను. మార్కులు పెరుగుతాయని కాదు. టెన్త్‌లో లెక్కల్లో 98 వచ్చినవాడికి 19 ఎలా వచ్చాయో నా కళ్లతో చూడాలనిపించింది.

ఫీజు కట్టిన రోజే కాలేజీవాళ్లు సప్లి బ్యాచ్ గురించి చెప్పారు. వేరే బిల్డింగ్, పొద్దున ఆరు నుంచి రాత్రి పది దాకా స్టడీ అవర్స్, 12,000 రూపాయలు. "ఇంట్లో ఉంచితే చదవడు సార్, మీ ఇష్టం" అన్నాడు కాలేజీ ఆఫీసు చూసే ఏఓ. ఆ మాటకి భయపడి నేను కట్టేసేవాణ్ణే. మా ఆవిడ ఒప్పుకోలేదు. "పోయినవాళ్లందర్నీ తీసుకెళ్లి ఒక కొట్లో పెడతారా?" అంది.

సైకాలజిస్టు దగ్గరికి వెళ్లాలన్న ఆలోచన 14416 ఆవిడదే. సూర్యారావుపేటలో డాక్టర్లకు కొదవ లేదు గానీ అపాయింట్‌మెంట్ వారం తర్వాత దొరికింది. మొదటిసారి 1,000 రూపాయలు, ఆ తర్వాత ప్రతిసారీ 700. వాడు రానన్నాడు, "నాకేం పిచ్చి లేదు" అన్నాడు. "ఒక్కసారి వెళ్దాం, నచ్చకపోతే మళ్లీ అడగను" అన్నాను. ఆ మాట మీద వచ్చాడు.

మందులు రాస్తారేమో అనుకున్నాను, రాయలేదు. సైకాలజిస్టులు మందులు రాయరట, అది సైకియాట్రిస్టు పని. నిద్ర దారికి రాకపోతే అప్పుడు పంపిస్తానన్నారు. ఇంకో సంగతి కూడా ముందే చెప్పారు. వాడు లోపల చెప్పినవి వాడి ప్రాణానికి ప్రమాదం ఉంటే తప్ప మాకు చెప్పరు. 700 కట్టేది నేను, సంగతి నాకు చెప్పరా అని మొదట్లో కాస్త గింజుకున్నాను. కానీ ఆ ఒక్క షరతు వల్లే వాడు నోరు విప్పాడు.

అలా విప్పినవాటిలో మాకు చెప్పమని వాడే అనుమతిచ్చినవి కొన్ని. నవంబరులో వీకెండ్ టెస్టు ర్యాంకులు చూసి వీణ్ణి పై సెక్షన్ నుంచి కింది సెక్షన్‌కి మార్చారట. సెక్షన్‌తో పాటు రూమ్ కూడా మారింది, టెన్త్ నుంచి ఉన్న స్నేహితుడు పోయాడు. ఆదివారం ఫోన్ చేసినప్పుడల్లా "బాగానే ఉంది" అనేవాడు. ఫోన్ పక్కన వార్డెన్ ఉండేవాడట. జనవరి దాకా జేఈఈ టెస్టులే, అన్నీ బబుల్స్ దిద్దేవి, తప్పు దిద్దితే మార్కు కోత. ఐపీఈలో, అంటే ఇంటర్ బోర్డు పరీక్షలో, స్టెప్పులు రాయాలి. రాసే అలవాటు పోయింది, తప్పు రాస్తే మార్కు పోతుందన్న భయం మాత్రం మిగిలింది.

సైకాలజిస్టు మేడమ్ మొదటి పని ఏం చెప్పారంటే, మార్చిలో వచ్చిన అవే రెండు పేపర్లు ఇంట్లో, టైము పెట్టుకోకుండా, ఎవరూ చూడకుండా రాయమన్నారు. మా వీధిలో ఒక మాస్టారు ఉన్నారు, గవర్నమెంటు జూనియర్ కాలేజీలో లెక్కలు చెప్పి రిటైరయ్యారు. ఆయనకి 1బి పేపరు ఇచ్చాను. దిద్ది 41 వేశారు. హాల్లో 19 తెచ్చుకున్న పేపరే అది. ఫిజిక్స్ ఇంకొకరితో దిద్దిస్తే 13 వచ్చాయి.

నాకు చాలా సంగతి అక్కడే అర్థమైంది. 1బి భయం వల్ల పోయింది. ఫిజిక్స్ రానందువల్ల పోయింది. బయట అందరూ రెండింటినీ కలిపి "సరిగా చదవలేదు" అంటున్నారు. భయపడేవాణ్ణి ఇంకా చదవమంటే భయం పెరుగుతుంది. రానివాడికి ధైర్యం చెబితే ధైర్యంగా సున్నా తెచ్చుకుంటాడు. పేపరు పోయిందని తెలియగానే ఈ రెంటిలో ఏదో తేల్చుకోండి, ఖర్చు లేని పని.

హాల్లో ఏమైందో కూడా అప్పుడే చెప్పాడు. రెండు మార్కులవి రాసి ఏడు మార్కుల డిఫరెన్షియేషన్ లెక్క మొదలుపెట్టాడట. మధ్యలో ఒక స్టెప్పు తేడా కొట్టింది. గుండె దడ, అరచేతుల్లో చెమట, పేపరు తడిసింది. బాత్రూముకి వెళ్లొచ్చాడు. మళ్లీ వెళ్తానంటే ఇన్విజిలేటర్ కసురుకున్నాడు. చివరి గంటంతా పెన్ను పట్టుకుని ఊరికే కూర్చున్నాడు.

దానికి మేడమ్ నేర్పింది చెప్పుకోవడానికి చాలా చిన్నది. నాలుగు లెక్కపెడుతూ ఊపిరి తీసుకోవడం, ఆరు లెక్కపెడుతూ వదలడం. టెన్షన్ వచ్చినప్పుడు కాదు, ఏ టెన్షనూ లేనప్పుడే రోజూ పొద్దునా సాయంత్రం చేయాలి. అప్పుడు గానీ హాల్లో పనిచేయదట. భయం రాకూడదని అనుకోవద్దని కూడా చెప్పారు. వస్తుంది. వచ్చినప్పుడు పెన్ను కింద పెట్టాలి, ఊపిరి లెక్కపెట్టాలి, తర్వాత ఆగిపోయిన లెక్క దగ్గరికి పోకుండా తేలిగ్గా వచ్చే రెండు మార్కుల ప్రశ్న ఏదైనా ఎత్తుకోవాలి. లేచి బయటికి మాత్రం వెళ్లకూడదు. వెళితే భయం గెలిచినట్టు ఒంటికి అలవాటైపోతుందట.

ఇంట్లో బాగానే రాస్తున్నాడు కదా అంటే, ఇల్లు చాలదన్నారు. అది నాకు చెప్పనక్కర్లేదు. షెడ్డులో స్టార్టయిన ఇంజిను లోడుతో ఘాట్ రోడ్డు ఎక్కుతుందని ఎవరు హామీ ఇస్తారు? ఓనరు గారిని అడిగితే మా షాపు పైన గోడౌన్‌లో ఒక మూల ఖాళీ చేయించారు. బల్ల, కుర్చీ, టేబుల్ ఫ్యాను. కింద లారీల హారన్లు, పక్క షెడ్డులో వెల్డింగ్. తొమ్మిదింటి నుంచి పన్నెండింటి దాకా పాత పేపరు పెట్టి కూర్చోబెట్టేవాణ్ణి.

మొదటిసారి ముప్పావు గంటకే మెట్ల మీద అడుగుల చప్పుడు వినిపించింది. మొహం పాలిపోయి దిగొచ్చాడు. నాకు జాలేసి ఇంటికి తీసుకెళ్లిపోదామనిపించింది. "పన్నెండు దాకా పైనే ఉండు, రాయకపోయినా ఫర్వాలేదు" అన్నాను. వాడు నన్ను చూసిన చూపు మర్చిపోలేను. కానీ ఎక్కాడు. పన్నెండింటికి నేను వెళ్లి చూస్తే ఇంకో పేజీన్నర రాసి ఉంది. తర్వాత్తర్వాత దిగడం మానేశాడు. మా షాపు కుర్రాళ్లు కూడా తొమ్మిది దాటాక పైకి సామాను కోసం వెళ్లాలంటే చెప్పులు విప్పి వెళ్లేవాళ్లు, ఎవరూ చెప్పకుండానే.

మాస్టారు సాయంత్రాలు కూర్చునేవారు. డబ్బులు వద్దన్నారు. నెల చివర మా ఆవిడ వాళ్ల కోడలికి నాలుగు బ్లౌజులు కుట్టి ఇచ్చింది. ఆయన ఏళ్ల తరబడి వాల్యుయేషన్‌కి వెళ్లిన మనిషి. పేపరు పైన టోటల్ వేసేవారు కాదు, ప్రతి స్టెప్పు పక్కనా అరా, ఒకటీ వేసుకుంటూ పోయేవారు. ఏడు మార్కుల లెక్కలో జవాబు తప్పయినా నాలుగు ఎలా వస్తాయో వాడికి అలా కనపడింది. ఐపీఈలో తప్పుకి కోత లేదు, తెలిసినంత రాసి పెట్టు, కొట్టేయకు అనేవారు. 26 ఎక్కణ్ణుంచి వస్తాయో కూడా లెక్కేసి చూపించారు. లోకస్‌కి ఒక నాలుగు, ట్రాన్స్‌ఫర్మేషన్ ఆఫ్ యాక్సెస్‌కి ఒక నాలుగు, పెయిర్ ఆఫ్ స్ట్రెయిట్ లైన్స్ నుంచి రెండు ఏడులు. అక్కడికే 22. రెండు మార్కులవి పదిలో రెండు చాలు. వాడు ఆ కాగితం చాలాసేపు చూశాడు. 26 అంత దగ్గర్లో ఉంటుందని వాడికి ఎవరూ చెప్పలేదు. ఆ కాలేజీలో 75కి 75 గురించే మాట్లాడేవారు.

ఫిజిక్స్‌కి అలాంటి మనిషి మాకు దొరకలేదు. పటమటలో ఒక ట్యూషన్ కుదిర్చాం, మూడు వారాలకి 4,000. అక్కడ నలభై మంది.

సప్లి టైంటేబుల్ చూసి కంగారుపడ్డాం. మార్చిలో పేపరుకీ పేపరుకీ మధ్య ఖాళీ ఉంటుంది. సప్లిలో వరసబెట్టి రోజూ. మే 15 గురువారం 1బి, 16 శుక్రవారం ఫిజిక్స్. ఫస్టియర్ వాళ్లకి పొద్దున తొమ్మిదింటికి, సెకండియర్ వాళ్లకి మధ్యాహ్నం రెండున్నరకి. మే నెల ఎండలో మధ్యాహ్నం పడనందుకు సంతోషించాం.

సెంటర్ దగ్గర ఊహించని విషయం ఒకటి. అక్కడున్న పిల్లల్లో చాలామంది ఫెయిలైనవాళ్లు కాదు, పాసయ్యి మార్కులు పెంచుకోవడానికి ఇంప్రూవ్‌మెంట్ రాసేవాళ్లు. రెండూ ఒకే హాల్లో. ఎవరు దేనికి వచ్చారో ఎవరికీ తెలియదు. గేటు దగ్గర ఒకమ్మాయి వీణ్ణి "ఇంప్రూవ్‌మెంటా?" అని అడిగింది. "కాదు, పోయింది" అన్నాడు. ఆ అమ్మాయి "ఓ" అని మళ్లీ పుస్తకంలోకి వెళ్లిపోయింది. అంతే. వాడు నా వైపు తిరిగి నవ్వాడు. ఏప్రిల్ 12 తర్వాత ఆ నవ్వు చూడటం అదే మొదటిసారి.

పన్నెండింటికి బయటికొచ్చాడు. నేను ఏమీ అడగలేదు. వాడే చెప్పాడు. "పదింపావుకి వచ్చింది నాన్నా. కాసేపు కూర్చుంది. పోయింది." దేని గురించి అని అడగక్కర్లేదు కదా. పది నిమిషాలు పోయాయట, ఒక ఏడు మార్కులది వదిలేశాడట. మర్నాడు ఫిజిక్స్ రాసొచ్చి, "దడేమీ రాలేదు, ఆన్సర్లూ రాలేదు" అన్నాడు.

పరీక్షలయ్యాక 1బి స్కాన్ కాపీ వచ్చింది. మార్కులు అవే, 19. ఇద్దరం షాపు కంప్యూటర్‌లో తెరిచి చూశాం. మొదటి పేజీలు శుభ్రంగా ఉన్నాయి. తర్వాత ఆ డిఫరెన్షియేషన్ లెక్క, సగంలో అడ్డంగా పెద్ద గీత. కొట్టేసిన దాంట్లో మొదటి నాలుగు స్టెప్పులు సరిగ్గానే ఉన్నాయని వాడే వేలు పెట్టి చూపించాడు. ఆ తర్వాతి పేజీలో ప్రశ్న నంబరు మాత్రం వేసి ఉంది. పెయిర్ ఆఫ్ స్ట్రెయిట్ లైన్స్, వాడికి కంఠతా వచ్చినది. 1,300 దండగ అన్నవాళ్లున్నారు. నాకు అలా అనిపించలేదు. ఏమైందో ఇద్దరికీ ఒకే పేజీ మీద కనపడింది.

జూన్ 7, శనివారం. ఈసారి వాడే చూసుకున్నాడు. వంటింట్లోకి వచ్చి, "అమ్మా, 1బి 44. ఫిజిక్స్ 18, మళ్లీ పోయింది" అన్నాడు. మూడు మార్కుల్లో పోయింది. మా ఆవిడ గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. నేను షాపు నుంచి వచ్చేశాను.

మధ్యాహ్నం తినలేదు, పడుకున్నాడు. మాకు మళ్లీ ఏప్రిల్ రాత్రే కళ్ల ముందు ఆడింది. సాయంత్రం లేచి పెరుగన్నం తిన్నాడు. రెండు మూడు రోజులు చెల్లెలి మీద ఊరికే అరిచాడు, ఒక గ్లాసు కూడా పగిలింది. బాధ లేదని చెప్పను, బాగా పడ్డాడు. కానీ సోమవారం మధ్యాహ్నం నేను అడగకుండానే, "మేడమ్‌కి ఫోన్ చేశాను, బుధవారం ఆరింటికి రమ్మన్నారు" అన్నాడు. మొదటిసారి పిచ్చి లేదంటూ రానన్నవాడు. మా ఆవిడకి ఆ రోజు 44 కంటే ఇదే ఎక్కువ సంతోషం.

పాత కాలేజీ మాన్పించాం. సెకండియర్‌కి ముందే కట్టిన 10,000 వెనక్కి రాలేదు, ఫస్టియర్ బాకీ తీరిస్తే గానీ టీసీ ఇవ్వమన్నారు, ఇచ్చేదాకా చాలాసార్లు తిరగాల్సొచ్చింది. ఇప్పుడు ఇంటి దగ్గర్నుంచే వెళ్లొచ్చే చిన్న కాలేజీలో ఉన్నాడు. ర్యాంకుల సెక్షన్లు లేవు, ఉన్నదే రెండు సెక్షన్లు. ఇంజనీరింగ్ ఎంట్రన్స్ ఈఏపీసెట్‌లో ఇంటర్ మార్కులకి 25 శాతం వెయిటేజీ ఉంది కాబట్టి ర్యాంకు దెబ్బతింటుందని కొందరు బెదిరించారు. దెబ్బతింటే తింటుంది.

జూలై 25న సుప్రీంకోర్టు తీర్పు ఒకటి వచ్చింది, విశాఖలో కోచింగ్‌లో ఉంటూ చనిపోయిన ఒక అమ్మాయి కేసులో. వంద మంది, అంతకంటే ఎక్కువ విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలో కనీసం ఒక కౌన్సిలర్ ఉండాలని, మార్కులను బట్టి బ్యాచ్‌లు విడగొట్టడం, అందరి ముందు అవమానించడం వీలైనంతవరకు మానాలని చెప్పింది. ఆ పేపర్ కటింగ్ పట్టుకుని కొత్త కాలేజీకి వెళ్లి కౌన్సిలర్ ఎవరని అడిగాను. ప్రిన్సిపాల్ గారు మంచి మనిషే, కాస్త ఆలోచించి పీఈటీ సారు నంబరిచ్చారు. ఆయన కబడ్డీ బాగా ఆడిస్తాడట. ఫీజు కట్టడానికి వెళ్లిన ప్రతిసారీ ఆ కటింగ్ మళ్లీ చూపిస్తున్నాను.

సూర్యారావుపేటకి ఇప్పుడు నెలకోసారి వెళ్తున్నాడు, సిటీ బస్సులో ఒక్కడే. ఫిజిక్స్ మార్చిలో సెకండియర్ పేపర్లతో పాటు రాయాలి. పటమట ట్యూషన్ మానేసి, నలుగురే పిల్లలున్న ఒక మేడమ్ దగ్గర ఆదివారాలు చేరాడు, నెలకు 1,500. వర్క్ ఎనర్జీ అయింది, ఆసిలేషన్స్ నడుస్తోంది.